అటక మీది గొంతు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఊరికి దూరంగా ఒంటరిగా ఉండవద్దని నీవు ఎన్నిమార్లు రాసినా వినలేదు. ఇక వాదించే ఓపిక లేదు. నీ కారు వెంటనే కావాలి.

మొన్న సాయంత్రం వంట చేస్తూ పద్యం చదువుకుంటుంటే మూడవ పాదంలో మాట తోచక ఆగాను. అటక మీదినుంచి ఎవరో మెల్లగా ఆ మాట అందించారు. గరిట చేత పట్టుకునే అటక కిందికి వెళ్లాను. ఆ విరుపు, ఆ సాగదీత నేను బడిలో నేర్పినవే.

"ఎవరే నువ్వు?" అన్నాను.

"నేనే టీచరుగారూ. నోరు ఊరుకోలేదు."

దిగివచ్చినది నా పూర్వ శిష్యురాలు. మెడ నిండా కమిలిన వేళ్ల గుర్తులు. మొగుడి చేతిలో చావు తప్పించుకుని, నేను బావి దగ్గర ఉండగా పెరటి తలుపున వచ్చి అటకెక్కిందట.

నిన్న ఆమె భర్త వచ్చాడు. పోలీసు స్టేషనులో ఉద్యోగం అతనిది, కనుక అక్కడికి పోయి లాభం లేదు.

"మా ఆవిడ ఇటేమైనా వచ్చిందా పెద్దమ్మగారూ?"

"నా గడప తొక్కేదెవరు నాయనా!"

"మరి రెండు కంచాలు ఆరబెట్టారే?"

"ఒకటి నిన్న రాత్రిది. ఈ వయసులో ఎప్పటికప్పుడు తోమడం నావల్ల అవుతుందా?"

నవ్వి వెళ్లాడు. అప్పటినుంచి ఎదుటి కల్వర్టు మీదే కూర్చున్నాడు. ఈ ఉత్తరం పాలవాడి చేత పంపుతున్నాను.

మరదలిని తల మీదుగా శాలువా కప్పుకోమని, వెంటబెట్టుకుని పగలే రా. ఆమె శాలువా కప్పుకొని ఈ పిల్ల నీతో వస్తుంది; వచ్చిన ఇద్దరే తిరిగి వెళ్లారని అతను అనుకోవాలి. అతను కల్వర్టు మీదినుంచి కదిలేదాకా మరదలు నా దగ్గర ఉండిపోవాలి. సంగతంతా చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకురా. భయపడితే తప్పుపట్టను. నాకూ భయంగానే ఉంది.

అక్క