అందించిన మాట

నవంబర్ 4, మంగళవారం

పొద్దున కరెంటు పోయింది. చుట్టుపక్కల మరమగ్గాలన్నీ ఆగి, మవూ ఊరంతా ఊపిరి పీల్చుకున్నట్టుంది. నాకు హాయిగా ఉంది. లుఖ్మాన్‌కే కాలు నిలవదు. తొమ్మిదికి జూమ్. కువైట్, మలేషియా వాళ్లు లింకులో కూచుని ఉన్నారట. ఇన్వర్టర్ చూసుకోలేదా ఆపా, అబ్బాజాన్ పాఠమంటే నీకు లెక్కే లేదు అని ఎగిరాడు. నలభై దాటాయి తమ్ముడికి. ఇంట్లో ఇన్వర్టర్ ఎక్కడుందో తెలియదు.

కరెంటొచ్చాక అబ్బాజాన్‌కి టోపీ పెట్టి, శాలువా కప్పి, కెమెరా ముందు కూచోబెట్టాం. వాళ్లు హదీసులు, అంటే ప్రవక్త మాటలు, చదువుతారు, ఆయన వింటారు. చివర తన గురువు పేరు, ఆ గురువుకి గురువు పేరు, అలా ప్రవక్త దాకా గొలుసంతా చెప్పి, నా దగ్గర విన్నామని చెప్పుకోండి అని అనుమతిస్తారు. మధ్యలో ఇన్ని తక్కువ పేర్లతో ఇంత పొట్టి గొలుసు ఉన్నవాళ్లు ఇక ఎంతోమంది మిగల్లేదు. అందుకే ఈ తాకిడి.

నా నడుం పడిపోయింది.

నవంబర్ 6

అబ్బాజాన్‌ని మాత్ర వేసుకున్నారా అంటే వేసుకున్నానన్నారు. వేసుకోలేదు కదా అంటే వేసుకోలేదన్నారు.

నవంబర్ 10, సోమవారం

ఇవాళ నా కళ్లతో చూశాను. గొలుసు చెప్పే వేళకి లుఖ్మాన్ మ్యూట్ నొక్కి, చెవి దగ్గరికి వంగి, ఒక్కో పేరూ అందిస్తున్నాడు. అన్‌మ్యూట్ చేయగానే అబ్బాజాన్ అదే పలుకుతున్నారు. గొంతు రాక అనుకుని సరిపెట్టుకునేదాన్నే. కానీ తొందరలో వాడు ఒక గురువుని ఎగరగొట్టేశాడు. అబ్బాజాన్ కూడా ఎగరగొట్టేశారు.

ఒక్క పేరు మరిచినందుకు, పో, కంఠతా పట్టి వచ్చే ఏడు రా అని శిష్యుణ్ణి స్టేషన్‌కి పంపేసిన మనిషి ఈయన.

చాట్ నిండా మాషా అల్లాలు. ఎవడూ గమనించలేదు.

నవంబర్ 12

మదరసాలో ఆడపిల్లలకి నేను చెప్పేది ఇదే సబ్జెక్టు, ఎవరి మాట తీసుకోవాలి, ఎవరిది వదలాలి. ఖర్మ కాకపోతే ఇవాళ్టి పాఠం అదే రావాలా! అందించిన మాటనల్లా అవునంటూ అందుకునేవాడి మాట చెల్లదు. మనిషి ఎంత సత్యవంతుడైనా సరే. మతి చెదరకముందు విన్నది నిలుస్తుంది, తర్వాత విన్నది పడిపోతుంది.

రుమైసా అని వాగుడుకాయ ఒకతి ఉంది. చెయ్యెత్తి, మరి ఎప్పుడు చెదిరిందో ఎవరు చెప్తారు బాజీ అంది. పక్కపిల్ల దాని నెత్తిన ఒకటి మొట్టి, ఇంట్లోవాళ్లే కదే మొద్దూ, వీధిలోవాళ్లకి ఏం తెలుస్తుంది అంది.

పుస్తకం మూసేసి, తలనొప్పని చెప్పి వచ్చేశాను. అబద్ధం కూడా కాదు.

నవంబర్ 15, శనివారం

చిన్నప్పుడు అబ్బాజాన్ నాకు హదీసులో పేరు మార్చి చెప్పి, పట్టుకుంటానా లేదా అని చూసేవారు. పట్టుకుంటే జేబులోంచి నువ్వుల రేవడీ. ఇవాళ నేనే బజారుకెళ్లి రేవడీ కొన్నాను. ఆయనకి నేను పరీక్ష పెట్టడమేమిటి, గుడ్డు వచ్చి పిల్లని వెక్కిరించినట్టు. అయినా పెట్టాను.

మేడ మీద ఎండలో కూచోబెట్టి నారింజ తొనలు వలిచి పెడుతూ, సంకల్పాల హదీసు అబూ హురైరా గారి నోటే కదా వచ్చింది అన్నాను. ఉమర్ గారి నోట అని మా మదరసాలో పాలపళ్ల పిల్ల కూడా చెప్తుంది. పిచ్చిమొహమా అని తిడతారని చూశాను. తిట్టండి, తిట్టండి అని లోపల మొక్కుకున్నాను.

అవునమ్మా, అబూ హురైరా అన్నారు.

కాదేమో, అనస్ గారేమో అన్నాను.

అవునవును, అనస్ అన్నారు. నారింజ తియ్యగా ఉందన్నారు.

రేవడీ ఇచ్చేశాను. పళ్లు లేవు, చప్పరిస్తూ కూచున్నారు. నేను కిందికొచ్చి వంటింట్లో ఏడ్చాను.

నవంబర్ 16

లుఖ్మాన్‌కి చెప్పాను. అబ్బాజాన్‌ని అబద్ధాలకోరు అంటావా అని కేక. అబద్ధాలకోరు అనడం లేదురా, సత్యవంతుడే, జ్ఞాపకం పోయింది అంటున్నాను, ఈ రెంటికీ తేడా ఆయనే కదా మనకి నేర్పింది అన్నాను. పోయిన రంజాన్‌లో రాత్రి తరావీ నమాజులో ఖురాన్‌లోని ఒకటే సూరా మళ్లీ మళ్లీ చదివారు. అప్పటినుంచే. బనారస్ డాక్టరు స్కాన్ చూపించి చెప్పినా మనం వయసు అనుకున్నాం.

వాడు, ఆపా, వాళ్లు సలాం చెప్పినప్పుడు ఆయన మొహం చూశావా, రోజు మొత్తంలో అప్పుడే కదా వెలిగేది, అది కూడా తీసేస్తే మూలన పడి చచ్చిపోతారు అన్నాడు.

చూశాను. నేను మాత్రం చూడలేదా?

నవంబర్ 18

లుఖ్మాన్ విననంటున్నాడు. శనివారం అతిథులు ఫ్లైటెక్కి మరీ వస్తున్నారట. వీసాలు వచ్చేశాయట.

నవంబర్ 22, శనివారం

వచ్చారు. కువైట్ పెద్దాయన, ఇంకొందరు, మలేషియా దంపతులు, వాళ్ల చంటిపిల్ల. పిల్ల చెవిన కూడా ఆయన మాట పడితే, అది ముసలిదయ్యేసరికి అందరికన్నా పొట్టి గొలుసు దానిదే అవుతుందని తెచ్చారు. మా వాళ్ల ఆశ ఇలాగే ఉంటుంది.

పుస్తకాలు తెరిచారు. నేను పరదా వెనక నిలబడ్డాను. మా నాన్నగారు, మౌలానా జమీరుల్ హక్ గారి జ్ఞాపకం పోయిన రంజాన్ నుంచి చెదిరింది, దానికి ముందు విన్నవాళ్లది నిలుస్తుంది, తర్వాత విన్నవాళ్లు దయచేసి వదిలేయండి, ఎండాకాలంలో నేను ఆయనకి చదివి వినిపించిందీ వదిలేశాను అని అరబీలో చెప్పేశాను.

కువైట్ పెద్దాయన పుస్తకం మూసి, ఇన్నా లిల్లాహ్ అన్నారు. చావు కబురు విన్నప్పుడు అనే మాట అది. పిల్ల తల్లి లోపలికొచ్చి నా చేతులు పట్టుకుంది. ఒక్కటి, ఒకే ఒక్క హదీసు చెప్పించండి అక్కా అని ఏడ్చింది. దీవెన ఇప్పిస్తాను తల్లీ, హదీసు మాత్రం కాదు అన్నాను. అబ్బాజాన్ పిల్లని ఒళ్లో పెట్టుకుని పకపకా నవ్వారు. ఈయనకి ఏమైందని మనం ఏడుస్తున్నాం అన్నట్టుంది.

అందరికీ తహరీ అన్నం పెట్టి పంపాను. అంట్లు నేనే తోముకున్నాను.

బతికున్న మనిషికి జనాజా నమాజు చదివించావు ఆపా అన్నాడు లుఖ్మాన్.

నవంబర్ 25

తొమ్మిదైంది. అబ్బాజాన్ టోపీ తనే పెట్టుకుని కెమెరా కుర్చీలో కూచున్నారు. ఎవరూ రారా అని అడిగారు. నేనెళ్లి ఎదురుగా కూచుని సలాం చెప్పాను. మొహం వెలిగింది. రేపటినుంచి రోజూ చెప్పాలి.

నవంబర్ 30

నువ్వెవరమ్మా అన్నారు. సఫూరాని, మీ కూతుర్ని అన్నాను. ఎవరి నోట విన్నావు అన్నారు. మౌలానా జమీరుల్ హక్ గారి నోట అన్నాను.

కళ్లు మూసుకుని ఆలోచించారు. సత్యవంతుడే, కానీ చివర్లో మతి చెదిరింది, ఎప్పుడు విన్నావు అన్నారు.

చెదరకముందు అన్నాను.

అయితే నిలుస్తుంది అన్నారు.