మధ్య నాబ్ లేని మ్యానిఫోల్డ్

ఫిబ్రవరి 3

మ్యానిఫోల్డ్ పోయింది. వీపు మీద జంట సిలిండర్లను పైన కలిపే ఇత్తడి గొట్టం అది. మరలన్నీ అరిగిపోయాయి. చంటి సెట్‌దీ అదే గతి. చంటి అంటే మా ఆవిడ తమ్ముడు, నాతోపాటు దిగే డైవర్. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఇంట్లో చంటే. రెండు సెట్లకీ ఒకే రకం ఉండాలని ఆఫీసు రూలు. ఏది కావాలో రాసివ్వమని సూపర్‌వైజర్ నాకే అప్పజెప్పాడు. అనుభవం ఉన్నవాణ్ణి కదా అన్నాడు.

ఫిబ్రవరి 5, ఉదయం 6

కుడి చెయ్యి చెవి దాటి లేవడం లేదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు డాక్టరు. ఏడాది పట్టొచ్చట, దానంతటదే వదుల్తుందట. మా ఆవిడ రోజూ పొద్దున్నే గోడకి ఆనించి నిలబెట్టి చెయ్యి పైకి లాగుతుంది. నేను అరుస్తాను. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడు నేనైనా ఇంత గోల చెయ్యలేదు అంటుంది.

చంటికి చెప్పకు, ముసలాడివయ్యావు బావా అని ఏడిపిస్తాడు అన్నాను. నవ్వి సరేనంది. ఆఫీసులోనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 9

డైవింగ్ సామాన్ల కొట్టుకెళ్లాను. కొత్తదానికీ పాతదానిలాగే మూడు నాబ్‌లు. అటొకటి, ఇటొకటి, మధ్యలో ఐసోలేటర్. ఒక సిలిండర్ గాలి కారిపోతుంటే మధ్యది కట్టేస్తే రెండోది మిగులుతుంది. మేం పనిచేసే సొరంగాల్లో పైకి తేలే దారి ఉండదు. ఆ సగం గాలే ప్రాణం. ఈ పాఠం నేనే పదిమందికి చెప్పాను.

సెట్ తగిలించుకుని చూశాను. పక్కవి రెండూ ఎలాగో అందాయి. మధ్యది అందలేదు. ఎడం చేత్తోనూ ప్రయత్నించాను, వేళ్లు జారిపోయాయి. కొట్టాయన చూస్తున్నాడని దురద పెట్టినట్టు మెడ గోక్కున్నాను.

వచ్చే నెల రిజర్వాయర్ సొరంగం పని. ముందు టెస్ట్ ఉంటుంది. ఒడ్డున నిలబడి సెట్ మీదున్న నాబ్‌లన్నీ మూసి తెరవాలి. తప్పితే స్టోర్స్‌లో కూర్చోబెడతారు. నీళ్లలో తప్ప ఎక్కడా పనికొచ్చిన మనిషిని కాను నేను.

ఫిబ్రవరి 10

మధ్య నాబ్ లేని రకం కూడా ఉందట. టెస్ట్‌లో రెండే నాబ్‌లు.

ఫిబ్రవరి 14

రాసిచ్చేశాను. జాయింట్లు తగ్గితే లీకులూ తగ్గుతాయని కారణం రాశాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. అది గోడౌన్‌లో మూల పడున్న సరుకండీ, ఎవరూ అడగరు అని కొట్టాయన నసిగాడు. వాల్వుల దగ్గర మాత్రం ఆయన ప్రాణం తోడేశాను. నాబ్‌లు రబ్బరువే కావాలి, ప్లాస్టిక్‌వి రాయి తగిలితే పగుల్తాయి అని. సిగ్గులేని జన్మ.

మార్చి 2

చంటి పెట్టె విప్పి, ఇదేంటి బావా, ముందుపన్ను ఊడినట్టుంది, మధ్యదేదీ అన్నాడు. ఇదే మంచిదిరా అన్నాను. సరే, నువ్వు చెప్పాక ఇంకేముంది అన్నాడు. ఇంకొక్కసారి అడిగుంటే చెప్పేసేవాణ్ణేమో.

మార్చి 11

టెస్ట్ పాసయ్యాను.

మార్చి 23

నాలుగు రోజులైంది. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

సొరంగంలో రెండువందల మీటర్లు లోపల. నేను ముందు, వాడు వెనక పగుళ్లు కొలుస్తూ. వాడి ఎడమ సిలిండర్ మెడ దగ్గర రబ్బరు రింగు తెగిందని తర్వాత తేలింది. పక్క నాబ్ కడితే ఆగే లీకు కాదది. బుడగల మోత విని వెనక్కి తిరిగాను. బురద లేచి ఏమీ కనిపించలేదు. తాడు పట్టుకుని వెళ్లాను. సగం దారిలో ఉండగానే మోత ఆగిపోయింది. రెండు సిలిండర్లూ ఖాళీ. చేరేసరికి వాడిలో చలనం లేదు. నా రెండో మౌత్‌పీస్ నోట్లో పెట్టాను. పట్టుకోలేదు.

వాడి కుడి చెయ్యి మెడ వెనక, మధ్యలో ఇరుక్కుని ఉంది. అక్కడ నాబ్ లేదని వాడికి తెలుసు. అయినా వెతికాడు. తొమ్మిదేళ్ల అలవాటు.

ఏప్రిల్ 20

విచారణ అయిపోయింది. పరికరం రూల్స్ ప్రకారమే ఉంది, ఎవరి తప్పూ లేదు అని రాశారు. ధైర్యంగా ఉండు అని సూపర్‌వైజర్ నా కుడి భుజం గట్టిగా నొక్కాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చంటి కోసమనుకున్నాడు.

మా ఆవిడ వాళ్లమ్మకి ఫోన్లో చెబుతోంది. ఈయన పక్కనే ఉన్నారమ్మా, వాడు ఒంటరిగా పోలేదు, అదొక్కటే నయం అని. నేల చీలి లోపలికి పోతే బాగుండనిపించింది.

మే 2

చెప్పాలి.

మే 3

చెప్పలేదు.

జులై 18

ఇవాళా చెప్పలేదు. చంటి పోయాక మళ్లీ నీళ్లలోకి దిగలేదు. పొద్దున్నే నా చెయ్యి లాగడం మాత్రం తను మానలేదు. నేను అరవడం మానేశాను.

నవంబర్ 6, ఉదయం

చెయ్యి లేచింది. చెవి దాటి, తల దాటి, మెడ వెనక్కి. తను నవ్వింది, ఇన్ని నెలల్లో మొదటిసారి. హమ్మయ్య, ఇంక మీరు మళ్లీ నీళ్లలోకి దిగొచ్చు అంది.

అప్పుడు చెప్పాను.

చెయ్యి తన చేతుల్లోనే ఉంది. వదల్లేదు. దించనూ లేదు.