శంకరయ్య పెట్టని తులం

అక్టోబర్ 19, 2025

1998లో నా బిడ్డ సుశీల పెళ్లికి తులం బంగారం పెడతానని మా బామ్మర్ది శంకరయ్య పది మందిలో మాట ఇచ్చాడు. తీరా పందిట్లో కట్నాలు చదివే మైకులో వినిపించింది ఇది: మేనమామ శంకరయ్య, నూట పదహార్లు. జనం నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. నేను అప్పుడు మేడ్చల్ లైబ్రరీలో చిన్న జీతగాణ్ని. అయినా ఆ పెళ్లికి ఒక్క రూపాయి అప్పు చేయలేదు. చివర్లో వంటవాళ్లకు డబ్బు తక్కువపడితే నా భార్య పార్వతీదేవి చిట్టీ ఎత్తి ఇచ్చింది. అదీ మనిషంటే! పోయి ఆరేళ్లయింది. ఆమె తోడబుట్టినవాడు మాత్రం గుండ్లపోచంపల్లిలో ప్లాట్లు అమ్ముకొని దర్జాగా ఉన్నాడు.

ఇవాళ వచ్చాడు. తన మనవరాలు అశ్రితకు శామీర్‌పేటలో శారీ ఫంక్షన్ అట. బావా, నువ్వు రాకుంటె పిల్లను పీటల మీద కూసోవెట్ట అన్నాడు. పత్రికలో తేదీ, హాలు పేరు చూసి పేపర్ల కింద పడేశాను.

అక్టోబర్ 20

దొరికింది! తులం గొలుసు పెడతాను. అదే తులం. మైకులో.

అక్టోబర్ 24

పెన్షన్ ఇరవై ఎనిమిది వేలు. తులం లక్ష దాటింది. కండ్లకోయలో సూపర్ మార్కెట్ బయట టై కట్టుకున్న ఒకడు క్రెడిట్ కార్డులు ఇస్తున్నాడు. పెన్షన్ వస్తది గద తాతా, లిమిట్ రెండు లక్షలు, జల్దీ సంతకం వెట్టు అన్నాడు. కట్టేదెట్లా అని అడిగితే, నెలకు మినిమం డ్యూ కడితె సాలు, ఎవ్వడు అడ్గడు అన్నాడు.

వడ్డీ వ్యాపారుల మీద మూడు భాషల్లో పుస్తకాలు చదివినవాణ్ని. వాడిచ్చిన ఎనిమిది పేజీలు చదవలేదు. చీమల్లాంటి అక్షరాలు, నాకేమో తొందర. పక్కింటి రమేష్ మూడు కార్డులతో మునిగాడు. వాడివి సోకులు. నా సంగతి వేరు.

నవంబర్ 3, మధ్యాహ్నం 12

నగల కొట్లో కార్డు గీకారు. లక్షా ముప్పై ఎనిమిది వేలు. జేబులోంచి ఒక్క నోటు కదల్లేదు! చేత్తో లెక్కపెట్టి ఇవ్వవలసి వస్తే అర తులం దగ్గరే నా చెయ్యి ఆగిపోయేది.

సాయంత్రం 5

మైకువాడికి చీటీ రాశాను. ‘మేడ్చల్ వాస్తవ్యులు, విశ్రాంత లైబ్రేరియన్ సిద్దయ్య గారు, తులం బంగారు గొలుసు.’ నాలుగుసార్లు తిరగరాశాను. తులం కింద గీత పెట్టాను. పైకి చదివి చూసుకున్నాను. ఒళ్లు పులకరించింది.

నవంబర్ 9

మైకు లేదు.

డీజే ఒక్కటే మోగుతోంది. కట్నాలు రాసేవాళ్లు ఎక్కడ అని సుశీలను అడిగాను. పడీ పడీ నవ్వింది. గన్ని పుస్తకాలు సదువుతవ్ గద నాయినా, పత్రిక కింది లైను సదవలేదా, కట్నాలు తీస్కుంటలేరు అంది.

ఊరుకుంటానా! గొలుసు నేనే అశ్రిత మెడలో వేశాను. గిదేంది బావా, వద్దు అని శంకరయ్య అడ్డం వచ్చాడు. ఇది 1998 బాకీ అని వాడి చెవిలో అన్నాను. ఇరవై ఏడేళ్లు దాచుకున్న మాట! వాడి ముఖం వాడిపోయింది. మా అక్క ఉంటె మంచిగుంటుండె అన్నాడు, అంతే. మటన్ బాగుంది. రెండోసారి వేయించుకున్నాను.

డిసెంబర్ 4

మినిమం డ్యూ ఆరు వేల తొమ్మిది వందలు కట్టాను. ఇంత సులువా!

డిసెంబర్ 16

కట్టిన తర్వాత బాకీ పెరిగింది. లక్షా ముప్పై తొమ్మిది వేలు. బ్యాంకువాళ్ల పొరపాటని పదిసార్లు చూశాను. చివరికి రమేష్‌ను పిలిచాను. మొత్తం కట్టకుంటె కొన్న దినం నుంచి వడ్డీ వడ్తది సారూ, నెలకు మూడున్నర, మీద జీఎస్టీ అన్నాడు. గిట్లనె కడితె నీ జిందగీల అప్పు ఒడ్వదు, మా జమాతుల కలిసినవ్ అని నవ్వాడు.

వాడిది సోకు. నాది పగ. వడ్డీ రెండింటికీ ఒకటే.

డిసెంబర్ 21

సుశీల మచ్చ బొల్లారం నుంచి వచ్చి బిల్లు చూసింది. ఎందుకని అరిచింది. చెప్పాను. అప్పుడు ఏడ్చింది. అమ్మ ఏ చిట్టీ ఎత్తలే నాయినా, మామ గా తులం పైసలు లగ్గానికి రెండు దినాల ముందే అమ్మ చేతుల వెట్టిండు, వంటోళ్లకు గవే ఇచ్చినం అంది. బామ్మర్ది డబ్బని తెలిస్తే నేను ముట్టనని, నాకు చెప్పొద్దని పార్వతి వాడితో ఒట్టు వేయించుకుందట. నూట పదహార్లే చదివించమన్నదీ ఆమేనట.

మామకు ఫోన్ చేస్త, గొలుసు వాపస్ ఇస్తడు అంది. వద్దన్నాను. విన్నదో లేదో.

డిసెంబర్ 22, ఉదయం 7

గేటు దగ్గర శంకరయ్య. చేతిలో ఎర్ర నగల డబ్బా. బావా అని రెండుసార్లు పిలిచాడు. నేను రాస్తూ కూర్చున్నాను.

పార్వతి చెప్పలేదు, సరే. ఆమె పోయాక ఆరేళ్లుంది కదా? ఒక్క మాట చెబితే పోయేదా? ఇన్నేళ్లు నా మూతివిరుపులు భరించి నోరు మెదపలేదు. మూడోసారి పిలుస్తున్నాడు. చెప్పులెక్కడ పెట్టానో. వెళ్లి తలుపు తీస్తాను, కానీ తప్పెవరిదని అడిగితే ఇప్పటికీ ఒకటే చెబుతాను. శంకరయ్యది.