గేర్లు లేని బండి

బావకు నీ మరదలు మొక్కి రాసేది. ఇక్కడ నేను, అత్తమ్మ, రెండు మేకలు, అందరం ప్రాణాలతో ఉన్నాం. అక్కడ పట్నంలో నువ్వు, మీ అక్క బాలలక్ష్మి వదిన, ఆమె పిల్లలు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. పెళ్లాం మొగుడి పేరు పలకకూడదని అత్తమ్మ అంటుంది కానీ కవరు మీద రాయకపోతే పోస్టుమాన్ ఎవరికిస్తాడు, అందుకని రాశాను. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా లేవకు. లేవడం నీకిప్పుడు అంత తేలిక కాదని తెలుసు కాబట్టే ధైర్యంగా చెబుతున్నాను.

ముందు నువ్వు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. పెద్ద మేక ఈనింది, రెండు పోతులే. ఇంటి మీద గడ్డి కప్పించలేదు, కప్పేవాళ్లు దొర పొలంలో నాట్లకు పోయారు. అత్తమ్మ కళ్లు అలాగే ఉన్నాయి, మనిషి కనిపిస్తుంది, ముఖం కనిపించదు. దొర దవాఖానా ఖర్చు సంగతి మళ్లీ ఎత్తాడా అని అడిగావు. ఎత్తలేదు.

లేని పాదం దురద పెడుతోందని రాశావు. ఆ మాట చెబితే డాక్టరు నవ్వాడని రాశావు. ఇది చదివి నేనూ నవ్వాను బావా, తర్వాత గొడ్ల కొట్టంలోకి పోయి ఏడ్చాను. పోయిన కాలు గురించి నాలుగు ముక్కలు రాసి, రాబోయే బండి గురించి రెండు పేజీలు రాసే మనిషివి నువ్వొక్కడివే. దొర ఏ బండి కొన్నాడు, గేర్లదా, గేర్లు లేనిదా, నేనెప్పుడు రావాలి, ఇదే గోల. బండి ఇంకా రాలేదని పోయినసారి రాశాను. అది అబద్ధం. ఇప్పుడు వరుసగా చెబుతాను, విను.

వాగులో దిగబడిన పాత బండి కింద జాకీ పెట్టి నువ్వు పడుకున్న రోజున, దొర వెనక సీటులోనే కూర్చున్నాడు. దిగితే చెప్పులు బురదవుతాయని దిగలేదు. జాకీ జారింది, నీ ఎడమకాలు పోయింది. ఈ మాట ఊళ్లో ఎవరూ అనరు. నేనైనా ఉత్తరంలోనే అనగలను. ఆ తర్వాత పాత బండిని ఇనుప సామాను వాళ్లకు అమ్మేశారు. పట్నంలో ఒక నవాబు గారి రెండు కార్లు అమ్మకానికి ఉన్నాయని, ఒకటి మామూలు గేర్ల బండి, రెండోది క్లచ్చి లేని అమెరికా బండి అని, ఆ రెండో దానికి ఎడమకాలితో పనే లేదని, అది వస్తే నీ డ్రైవరు పని నీకుంటుందని నువ్వే రాశావు. దొరకు ఎట్లా చెప్పాలో కూడా నువ్వే రాశావు. ఆ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని నేను కంఠతా పట్టాను. మిషన్ బడిలో నాలుగో తరగతి పద్యాలైనా అంత శ్రద్ధగా పట్టలేదు.

బంగ్లాకు పోయిన రోజు వరండాలో దొర ఉన్నాడు, పోలీసు పటేలు లింగమూర్తి ఉన్నాడు, కరీంనగర్ నుంచి పిలిపించిన మిస్త్రీ నాగయ్య ఉన్నాడు. నాగయ్య గేర్ల బండి వైపు.

"దొరా, గేర్లదే తీసుకోండ్రి. ఖరాబైతే నేను జేస్త. గా అమెరికా బండి గేరు పెట్టె విప్పుడు నాతోని గాదు, ఈ జిల్లల ఎవనితోని గాదు. పెట్రోలు గూడ నీళ్ల లెక్క తాగుతది. రోజు తిరిగేటందుకు గది పనికి రాదు" అన్నాడు.

మెట్ల కింద నిలబడి నేను నోరు తెరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"రోజు తిరిగేటందుకే గది మంచిది దొరా. అంగట్ల ఎడ్లబండ్ల నడుమ జర పోవుడు, జర ఆగుడు. ఆగినప్పుడల్ల క్లచ్చి తొక్కుడు, గేరు మార్చుడు ఉండదట. కుదుపుండదు, మీ నడుముకు సుకం. క్లచ్చి పలకలు అరుగుడు గూడ లేదు."

"ఓరి, ఆడది బండ్ల సంగతి జెప్పవట్టె" అని దొర నవ్వాడు. కోపం రాలేదు, అదే పదివేలనుకున్నాను.

"మరి నీ మొగడు ఒంటి కాలుతోని నడుపుతడా?" అని పటేలు అడిగాడు.

"నడుపుతడు పటేలా. కుడికాలు ఒక్కటే చాలట. చిన్న పిల్లగాడు గూడ నడుపుతడని రాసిండు."

దొర నాగయ్యతో, "రాజలింగు కోసమన్న గదే కొందాం తియ్యి" అన్నాడు. మెట్లకు మొక్కి వచ్చాను బావా. దారిపొడుగునా నవ్వుకుంటూ వచ్చాను. నిన్ను గెలిపించి వచ్చానని అనుకున్నాను.

బండి పాలపిట్ట రంగులో ఉంది. పట్నం నుంచి తెచ్చిన డ్రైవరు బంగ్లా ముందు ఆపి, స్టీరింగు కింది పుల్ల ఒక్కటి చూపించి, రెండు తొక్కుడు పలకలు చూపించి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. పొద్దు గుంకకముందే దొర బంగ్లా చుట్టూ తిప్పాడు. మర్నాడు దొరసానిని కూర్చోబెట్టుకుని చెరువు కట్టదాకా పోయి వచ్చాడు. పదిహేనేళ్లు నీ వెనక కూర్చున్న మనిషి, నువ్వు గేరు మార్చినప్పుడల్లా అదేదో మంత్రమన్నట్టు చూసేవాడని చెప్పేవాడివి కదా. ఆ మంత్రం లేకపోయేసరికి మంత్రగాడితో పని లేకుండా పోయింది.

"గీదానికి డ్రైవరెందుకు? గుర్రమన్న మొండికేస్తది, ఇది గది గూడ లేదు" అన్నాడు అందరి ముందూ.

"మరి మా ఆయన, దొరా?" అన్నాను.

"కాలు మాననియ్యి, జూద్దాం" అన్నాడు, తెగిపోయిన కాలు మానితే మళ్లీ మొలుస్తుందన్నట్టు.

నీ బండిని నువ్వే కొనిపించావు, నీ పనిని నువ్వే పోగొట్టుకున్నావు, మధ్యలో నా నోరు వాడుకున్నావు. ఈ మాట నిన్ను నొప్పించడానికే రాస్తున్నాను. ఒక్కదాన్నే ఎందుకు మోయాలి?

ఇంతటితో అయిపోతే నేను ఉత్తరం రాసేదాన్ని కాదు, నువ్వు వచ్చాక పక్కన కూర్చుని చెప్పేదాన్ని.

హుస్నాబాద్ అంగడి నాడు దొర బండి తీసుకుని ఒక్కడే పోయాడు. కూరగాయల వరుస దగ్గర ఆపి, ఎవరితోనో మాట్లాడుతూ బ్రేకు మీది కాలు తీశాడట. పుల్ల మాత్రం ముందుకు పోయే గుర్తు మీదనే ఉంది. గేర్ల బండి అయితే ఎగిరి అక్కడే ఆరిపోయేదని నాగయ్య చెప్పాడు. ఇది ఆరదు, కాలు తీస్తే మెల్లగా పాకుతుంది. పాకుతుంటే దొర భయపడి బ్రేకు అనుకుని పక్కనున్న పెట్రోలు పలకను తొక్కాడు. వంకాయల గంప ముందు కూర్చున్న బుచ్చవ్వ లేవలేకపోయింది. గోడకూ బండికీ మధ్య పోయింది ఆమె ప్రాణం. అంగడి నిండా జనం, అందరూ చూశారు. పోలీసులు వచ్చి అడిగితే ఎవరూ చూడలేదు.

తెల్లారి నన్ను బంగ్లాకు పిలిపించారు. మెట్ల కింద కాదు, వరండాలోకి రమ్మన్నారు. అప్పుడే నాకు అర్థమైంది.

"రాజలింగును రమ్మని రాయి. బండి నేనే నడిపిన అని ఒప్పుకోవాలె. ఏడాదో ఆర్నెల్లో పడుతది. మీ అత్తకు, నీకు గింజలు నేను పోస్త. బయటికొచ్చినంక బండి వాని చేతిల వెడుత" అన్నాడు దొర.

"కాలు లేనోడు ఎట్ల నడిపిండని అడుగరా దొరా?"

పటేలు లింగమూర్తి నవ్వాడు. "నువ్వే గద పిల్లా చెప్పినవు గీడనే నిలవడి, కుడికాలొక్కటే చాలని. నేను యిన్న. నాగయ్య యిన్నడు. పంచనామల రాసుకుంట."

గేర్ల బండి కొని ఉంటే నిన్ను ఏ కోర్టూ పట్టుకోలేకపోయేది బావా. క్లచ్చి తొక్కలేని మనిషి మీద ఆ నేరం ఎవరు నమ్ముతారు? ఈ ప్రపంచంలో నువ్వు నడపగలిగిన ఒకే ఒక్క బండి ఆ చావు చేసింది. నేను రాయకపోతే తమ మనిషిని బాలలక్ష్మి వదిన ఇంటికి పంపి తీసుకొస్తామన్నారు. ఇల్లెక్కడో వాళ్లకు తెలుసు. ఒక్క రోజు గడువు అడిగి వచ్చాను.

ఆ పొద్దంతా నిన్నే తలచుకున్నాను. నిన్ను అడిగితే నువ్వు వస్తావు. బండి నీ చేతిలో పెడతానన్న మాట వింటే కుంటుకుంటూ వచ్చేస్తావు, జైలు గుర్తుకే రాదు నీకు. అందుకే అడగలేదు. మర్నాడు పొద్దున్నే వాకిట్లో కూలబడి శోకం పెట్టాను. కరీంనగర్ బస్సు కండక్టరు కబురు తెచ్చాడన్నాను. కాలు చీము పట్టి, జ్వరం తలకెక్కి పోయావని, పట్నంలోనే మట్టి చేశారని చెప్పాను. నిన్ను చంపేశాను బావా.

చచ్చినవాడిని ఒప్పించలేరు కదా, ఇక దొర తన నెత్తిన తానే వేసుకుంటాడనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని. దొర ముఖం వికసించింది. అంగట్లో బుచ్చవ్వను గుద్ది, భయపడి పట్నం పారిపోయి, అక్కడ చచ్చావని పటేలు రాసుకున్నాడు. చచ్చినవాడి మీద కేసేముంటుంది, మూసేశారు. దినాలకు దొర బియ్యం పంపాడు. నేను తీసుకున్నాను. తీసుకోకపోతే అనుమానం వస్తుందని కాదు, ఇంట్లో గింజ లేదు.

బుచ్చవ్వ బిడ్డ వచ్చి మన గడప మీద ఉమ్మింది. "నీ మొగడు సచ్చిండు గని నా కడుపుల మంట సల్లారలే" అంది. ఆమెకు బండి ఎవరు నడిపారో తెలుసు. దొర గడప మీద ఉమ్మలేదు కాబట్టి మన గడప మీద ఉమ్మింది. నేను గడప తుడిచాను. గాజులు పగలగొట్టించుకున్నాను. పుస్తె దూలం సందులో దాచాను, దేవుడు చూస్తే చూడనీ.

అత్తమ్మకు నిజం చెప్పలేదు. చెబితే ఆమె దగ్గర దాగదు, ఆ నోరు నీకు తెలుసు. ఆమె కొడుకును ఆమె నిజంగానే పోగొట్టుకుంది. తల గోడకు కొట్టుకుంటుంటే పట్టుకున్నాను. "అత్తమ్మా, ఊకో" అన్నానే కానీ ఆ ఒక్క మాట అనలేదు. నాలో ఇంత రాయి ఉందని నాకూ తెలియదు.

కాబట్టి నువ్వు రావద్దు. ఎప్పటికీ రావద్దు. దినాలకు వదిన రానందుకు ఊళ్లో గొణుగుతున్నారు, నెలలు నిండాయని చెప్పాను. ఆమెను ఇటు రానివ్వకు, రాయనివ్వకు. నువ్వు ఆ ఇల్లు విడిచి బొంబాయికో, షోలాపురానికో వెళ్లు. అక్కడ గేర్లు లేని బండ్లు ఉంటే ఉంటాయి, లేకపోతే ఏదో గేటు దగ్గర కూర్చుంటావు. నన్ను రమ్మనకు. కళ్లు లేని ముసలమ్మను ఎవరి మీద వదిలి రాను? ఆమె నీ తల్లే కాదు, నా మేనత్త. నీకు బతుకు మిగిల్చాను, ఆమెకు నన్ను మిగిల్చాను, పంచడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

ఇక మొన్న జరిగినది. దినాల నాడు నీ పేరున పిట్టకు పెట్టడానికి వాగు ఒడ్డుకు పోయాం. నీకు ఇష్టమని మేకపోతు కూర, కల్లు, బీడీకట్ట విస్తట్లో పెట్టాం. కాకులు చుట్టూ వాలాయి కానీ ఒక్కటీ ముట్టలేదు. జనం పరేషాన్ అయ్యారు. నాకు మాత్రం లోపల సంతోషం. ఊరంతటిలో నిజం తెలిసినవి ఈ కాకులే, నా బావ బతికే ఉన్నాడని నాకు చెబుతున్నాయి అనుకుని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఎండ నెత్తికెక్కింది. అత్తమ్మ లేచి, "నా కొడుక్కు గా బండి మీదనే పానం ఉండె. గది జూడకుంట పోయిండు" అని తడుముకుంటూ బంగ్లాకు నడిచింది. ఆపాను, ఆగలేదు. దొర మంచి ఖుషీలో ఉన్నట్టున్నాడు, తానే నడుపుకుంటూ బండిని ఒడ్డుదాకా తెచ్చాడు. అత్తమ్మ దాని మూతి మీద రెండు చేతులూ పెట్టింది.

"గిదిగో బిడ్డా, నీ బండి. వచ్చింది జూడు. ఇగ ముట్టు కొడుకా" అంది.

ఒక కాకి కిందికి దిగింది. బండి వైపు ఒకసారి చూసి, విస్తరి దగ్గరికి వచ్చి, కూర ముక్క పట్టుకుని తిన్నది. దాని వెనక మిగతావన్నీ దిగాయి. అందరూ చేతులెత్తి మొక్కారు. దొర కూడా మొక్కాడు.

అత్తమ్మ ఆ పూట నుంచి నిమ్మళంగా అన్నం తింటోంది. నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు ఉన్నావా బావా? ఈ కాగితం పట్టుకున్నది నువ్వేనా, లేక వదినేనా? ఎవరైనా సరే, జవాబు రాయవద్దు.

ఇట్లు,
నీ మేనమరదలు, నీ పెళ్లాం,
సరోజన