గౌడవెల్లి గౌరయ్య పాట గది, అందులోని రెండు స్పీకర్లు, రెండు స్టాండ్లు

మేడ్చల్ మండలం గౌడవెల్లి నివాసి, కీర్తిశేషుడు మ్యాకల ఎల్లయ్య కొడుకు, మైకుసెట్టు గౌరయ్య అని నలుగురూ పిలిచే మ్యాకల గౌరయ్య అను నేను, డెబ్బై రెండేండ్ల వయసులో, నా ఇంటి అరుగు మీద కూర్చొని నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉంది. మోకాళ్లు నిలకడగా లేవు, కాని వీలునామాకు మోకాళ్లతో పని లేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు, కల్లు తాగించలేదు. నాలుగో తరగతి వరకే చదివాను. కాగితపు మాటలు మా నాయిన పంపకాల దస్తావేజు ముందర పెట్టుకొని రాస్తున్నాను. అక్షరం తప్పుంటే దిద్దుకొని చదవండి. మాట మాత్రం దిద్దవద్దు.

1. నా స్వార్జితమైన నాలుగు గదుల ఇంటిని నా అనంతరం నా భార్య సుక్కమ్మ బతికినన్నాళ్లు సర్వహక్కులతో అనుభవించాలి. ఆమె తర్వాత అది నా ఒక్కగానొక్క కొడుకు నగేష్‌కు చెందుతుంది. ఇంటి వెనుక విడిగా ఉన్న పాట గది ఈ లెక్కలో లేదు. దాని సంగతి కింద రాస్తాను. నగేష్ ఇప్పుడే ఆ పేజీకి పోవద్దు, వరుసగా చదవాలి.

సుక్కమ్మ గురించి ఇంకొక మాట. ముప్పై ఎనిమిదేండ్లు నేను పెండ్లిళ్లకు, బోనాలకు, ఎలక్షన్లకు మైకు బూరలు కడితే, జనరేటర్ పక్కన కూర్చొని దాన్ని కనిపెట్టుకున్నది ఆమె. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో అరిస్తేనే వినబడుతుంది. డాక్టరు వయసు అన్నాడు. వయసు కాదు, నా జనరేటరు. చెవికి మిషను కొని ఇచ్చాను, బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. నగేష్ దాన్ని తీసి రోజూ పెట్టించాలి.

2. ఎకరం పొలం, మోటారు, నా వెండి మొలతాడు నగేష్‌కు. మిగిలిన రెండు బూరలు, పాత ఆంప్లిఫయరు కూడా వానికే. కంపెనీలో షిఫ్టు పని చేసుకుంటూ నన్నెప్పుడూ చెయ్యి చాపనియ్యలేదు. వాడు మంచి కొడుకు. కాని వాని చెవులు వాళ్లమ్మ చెవుల కంటే ముందే పోయినయి, డీజే బండ్ల వెంట తిరిగి.

3. స్పీకర్లు. నేను తలెత్తి చెప్పగలిగిన పని నా బతుకులో ఇదొక్కటి, కాబట్టి పూర్తిగా రాస్తాను.

మైకుసెట్టు సామాను చాలావరకు అమ్మేసి ఇవి కొన్నాను. ఎంతకు కొన్నానో రాయను, రాస్తే నగేష్‌కు అన్నం సహించదు. పట్నంలో పెద్ద షోరూముకు నాలుగు సార్లు బస్సులో పోయాను. మొదటిసారి అక్కడి అతను నా ధోతి చూసి, "తాతా, టీవీకి పెట్టుకునే డబ్బాలు కింద అంతస్తుల ఉన్నయి" అన్నాడు. నాకు పైవే కావాలి, నీకంటే ముందు పుట్టిన చెవులు ఇవి అన్నాను.

అతను తన పాటలు వేశాడు. గాజు పగిలితే గాజు పగిలినట్టే ఉంది, కాని నాకు గాజు పగలడం వినాల్సిన పని లేదు. నా దగ్గర ఒక పెన్‌డ్రైవు ఉంది. ఇరవై ఆరేండ్ల కింద సుక్కమ్మ బియ్యం చెరుగుతూ పాడిన పాటను నేను టేపులో పట్టాను, నగేష్ దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు. అది వేయమన్నాను. మనిషెత్తు స్పీకర్లలో సుక్కమ్మ బర్రె అంత అయింది. ఇంకో జతలో గొంతు బాగుంది, చాట లేదు. అట్లా ఏడు జతలు విన్నాను. ఎనిమిదోది చిన్న పెట్టెలు, ఒక్కొక్కటి అడుగు మీద కొంచెం. అందులో గాజులు చాటకు తగిలిన చప్పుడు, రెండు చరణాల నడుమ ఆమె తీసిన ఊపిరి, అన్నీ ఉన్నాయి. పది అడుగులకు పదకొండు అడుగుల గదికి అంతకన్నా పెద్దవి పెడితే గోడలు పాడతాయి, మనిషి పాడదు. ఇది ఎవరూ నాకు చెప్పలేదు, నేనే కనిపెట్టాను.

నగేష్ చూసి, "బాపూ, గింత పెట్టి పావురాల గూళ్లు గొన్నవా" అన్నాడు. సుక్కమ్మ మాత్రం పాట నడుస్తుండగా వచ్చి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "నేనే గదా" అన్నది.

4. స్టాండ్లు. ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది.

వెల్డింగ్ ఎల్లేష్‌తో చదరపు గొట్టాలతో స్టాండ్లు చేయించాను. ఇసుకను జల్లించి, వేయించి లోపల నింపాం, గొట్టం మోగకుండా, తుప్పు పట్టకుండా. ఎత్తు ఐదున్నర అడుగులు అని నేనే చెప్పాను. చీటీ మీద కొలత నా కోడలు వినోద రాసింది. ఎల్లేష్ అడిగాడు, "కాకా, నిలవడి ఇంటవా, కూసొని ఇంటవా?" "నువ్వు ఇనుము సూసుకో, సప్పుడు నేను సూసుకుంట" అన్నాను. బూర చప్పుడు ఎప్పుడూ తలల మీదుగా పోవాలి. లేకుంటే ముందువాని చెవులు పగులుతాయి, వెనుకవానికి వినబడదు. ముప్పై ఎనిమిదేండ్లు అదే చేశాను. గదిలో వినేది నేనొక్కణ్నే, అదీ కుర్చీలో కూర్చొని, అన్నది నాకు తట్టలేదు.

పాట వేశాను. షోరూములో విన్న సుక్కమ్మ లేదు. చాయ్ తెచ్చిన వినోద ఒక్క నిమిషం నిలబడి, "మామా, అత్తమ్మ అటకెక్కి పాడుతున్నట్టున్నది" అన్నది. "నువ్వు చాయ్ సంగతి సూడు పో" అని కసిరాను. నెల రోజులు షోరూమువాణ్ని తిట్టాను. ఒకనాడు పాట నడుస్తుండగా బల్బు మార్చడానికి ముక్కాలిపీట ఎక్కాను. ఎక్కి నా చెవులు పెట్టెల ఎత్తుకు రాగానే సుక్కమ్మ నా ఎదుట కూర్చొని చెరుగుతున్నది. దిగితే లేదు. మళ్లీ ఎక్కితే ఉంది.

స్టాండ్లను శామీర్‌పేటకు తీసుకపోయి, ముఖం తెలియని వెల్డర్‌తో రెండడుగులకు కోయించాను. అడిగినవాళ్లకు ఎల్లేష్ కొలత తప్పాడని చెప్పాను. చాయ్ హోటల్లో చెప్పాను, పంచాయతీ ఆఫీసు కాడ చెప్పాను. ఇద్దరు తమ గేట్ల పని వాని దగ్గర నుండి తీసుకపోయారు. ఇంట్లో వినోద కూడా విన్నది. కొలత తన చేతిరాతే, తనకు తెలియనిదా. కోసిన స్టాండ్ల మీద పాట విని, "ఇప్పుడు దిగింది అత్తమ్మ" అని మాత్రం అని, చాయ్ గ్లాసు తీసుకొని పోయింది.

కాబట్టి ఎల్లేష్ కొలత సరైనది, తప్పు నాది అని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. నా దినం నాడు ఈ నాలుగో అంశాన్ని మైకులో చదవాలి. ఆ రోజు మాత్రం బూరను ఎంత ఎత్తున కట్టగలిగితే అంత ఎత్తున కట్టాలి. బూరలు కట్టే నా ఇనుప స్తంభాలన్నీ ఎల్లేష్‌కు. "అదేదో బతికుండగానే చెప్పొచ్చుగా గౌరయ్య గారూ" అని, ఈ వీలునామా బాధ్యత చూడబోయే వెంకటరామయ్య అన్నాడు. ఎల్లేష్ ముందర నా నోరు తెరుచుకోదు. చెయ్యి మాత్రం రాసింది.

5. నా పాట గది, రెండు స్పీకర్లు, రెండు స్టాండ్లు, సుక్కమ్మ పాట ఉన్న పెన్‌డ్రైవు, నా కుర్చీ, ఇవన్నీ నా కోడలు, నగేష్ భార్య వినోదకు సర్వహక్కులతో చెందుతాయి. ఆ గదిని కంపెనీ పిల్లలకు కిరాయికి ఇద్దామని నగేష్ రెండేండ్ల నుండి అంటున్నాడు. స్పీకర్లను డీజే బండివాడు అడుగుతున్నాడని కూడా అన్నాడు. నగేషా, గది నీ భార్యది. కిరాయికి ఇయ్యాలన్నా, కూలగొట్టాలన్నా ఆమెను అడుగు. కొడుకుండగా కోడలికేంది అని ఎవరన్నా అంటే, చెవులున్నవాళ్లకే పాట గది ఇచ్చాడని చెప్పండి. ఈ ఇంట్లో నా తర్వాత చెవులున్నది ఆమెకే. పాట అటక మీద నుండి వినబడుతున్నదని నా ముఖం మీద చెప్పింది ఆమె ఒక్కతే.

6. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా వెనుక కాలనీలో ఉంటున్న, బ్యాంకులో పని చేసి దిగిన వెంకటరామయ్యకు ఇస్తున్నాను. భీమవరం మనిషి, లెక్క తప్పడు. ప్రతి ఆదివారం వచ్చి నాతో పాటు వింటాడు. కాని పాట నడుమ "ఈ తబలా చూశారూ" అని మొదలుపెడతాడు. పాట నడుస్తుండగా మాట్లాడినవాళ్లను బయటకు పంపే హక్కు వినోదకు ఉంటుంది. అది వెంకటరామయ్యకు కూడా వర్తిస్తుంది.

ఈ కాగితం నా ప్రాణం పోయిన తర్వాతనే పని చేస్తుందని వెంకటరామయ్య చెప్పాడు. అంతవరకు ఆగడం నాకు కుదరదు. అందుకే గది తాళంచెవిని ఈ రోజు పొద్దున సాక్షుల ముందర వినోద చేతిలో పెట్టాను. "నాకెందుకు మామా" అన్నది. నీదే అన్నాను. రేపటి నుండి నేను వినాలంటే తలుపు కొట్టి అడుగుతాను.

గౌడవెల్లి, 2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) మ్యాకల గౌరయ్య

గౌరయ్య మా ఎదుట చదివి సంతకం చేయగా చూసి, మేమూ సంతకాలు చేసిన సాక్షులు:
1. సిద్దిరాములు, కిరాణా దుకాణం, గౌడవెల్లి
2. పద్మజ, టీచరు, మేడ్చల్