పద్నాలుగో నంబరు వైరు

అమ్మాయీ,

నీ డాన్సు క్లాసుకని మీ ఆయన తెచ్చిన పద్దెనిమిదో నంబరు స్పీకరు వైరు కోసం వెతక్కు. పద్దెనిమిది పెద్ద నంబరు కదా, లావుగా ఉంటుందనుకున్నాడు వెర్రినాగన్న. దర్జీ కొడుకై ఉండి ఆ మాత్రం తెలియదు. మన మిషను దారంలాగే వైరు కూడా నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. హాల్లోంచి నీ క్లాసు జరిగే వెనకగది దాకా సన్నవైరు లాగితే పాట నీరసపడిపోతుంది. అందుకే అది తిరిగిచ్చేసి పద్నాలుగో నంబరుది తెచ్చి మిషను మీద పెట్టాను. గోడ వెంబడి, గుమ్మం పైనుంచి టేపుతో కొలిచే తెచ్చాను, సరిపోతుంది. చాప కిందనుంచి మాత్రం లాగకండి, పిల్లలు తొక్కుతారు. ఎర్రగీత ఉన్న తీగని రెండు కొసల్లోనూ ఎర్రగుర్తు దగ్గరే బిగించమను.

సాయంత్రం మొదటి క్లాసు కదా, ముగ్గురే చేరారని మొహం వేలాడేసుకోకు. నేను కొట్టు తెరిచిన రోజు కుట్టింది ఒక్క లాగు, అదీ నాదే.

కళ్లద్దాలు బాగుచేయించుకుని క్లాసు వేళకి వచ్చేస్తాను.

మావయ్య

ఇంకోమాట. క్లాసు జరిగేటప్పుడు నా గది తలుపు మూయకు. గోల తగ్గించమని లోపల్నుంచి అరుస్తాను, అలవాటు కొద్దీ. నువ్వు మాత్రం తగ్గించకు.