గురువారం సంచులు

రిబ్కా వదినా,

నేను, పంతులమ్మను. నువ్వు పోయి అయిదు నెలలు. ఇన్నాళ్ళూ రాయలేదు. ఈ రోజు కోపం ఆగక రాస్తున్నాను. కోపం నీ మరిది డేవిడ్ మీద. కొంత నీ మీద కూడా.

నువ్వున్నప్పుడు గురువారం ఎంత నెమ్మదిగా జరిగిపోయేది! మిల్లు పనికి బొంబాయి నుంచి వచ్చిన మీ యూదుల ఇళ్ళు ఎనిమిది, మా వీధి ఇళ్ళు ఇరవై అయిదు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ నువ్వు కుట్టిన తెల్ల సంచులే తెచ్చి మీ ముందు గదిలో పెట్టేవాళ్ళు. ఏ సంచీ ఖాళీగా రాకూడదు, ఖాళీగా పోకూడదు. జొన్నలు లేని ఇల్లు మిల్లు వెనక కుప్పలోంచి పత్తిగింజలు నింపి తెచ్చి, జొన్నల సంచీ పట్టుకుపోయేది. జొన్నలు తెచ్చిన ఇల్లు ఆ పత్తిగింజలు గేదెకు పట్టుకుపోయేది. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?

"మొగం చూసి ఇస్తే, రేపు బావికాడ వాళ్ళు మన మొగం ఎట్ల చూస్తారు పంతులమ్మా?" అనేదానివి. మీ పెద్దల నుంచి వచ్చిన పద్ధతి అన్నావు.

ఇప్పుడు సాయం పంచే మీ యూదుల మండలి డేవిడ్ చేతిలో ఉంది. బొంబాయిలో సాయం పంపేవాళ్ళకు చూపాలట, అవసరమున్న ఇళ్ళ పేర్లు రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. పద్నాలుగు పేర్లు, ఇంటిపేర్లతో సహా, ఒక్క కొట్టివేత లేకుండా... నా దస్తూరీ బాగుందన్నాడు. పొంగిపోయాను వదినా!

పోయిన గురువారం మిల్లు గేటు ముందు బల్ల వేసి, దానిమీద జొన్నలు పెట్టి, పని వదిలే వేళకు ఆ కాగితం గట్టిగా చదివాడు. పత్తిబండ్ల వాళ్ళు కూడా ఎద్దులను ఆపి చూశారు. మొదటి పేరు కిష్టమ్మ. ఎమ్మిగనూరులో మగ్గం ఆగిపోయి ఇక్కడ పత్తి ఏరడానికి వచ్చిన మనిషి. ఆమె బల్ల దాకా రాలేదు. కొంగు తల మీదికి లాక్కుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు నేనే జొన్నలు తీసుకుని వెళ్ళాను. గడప దాటనివ్వలేదు.

"నా పేరు అంత గట్టిగా నా పెండ్లినాడు గూడా ఎవురూ పిల్సలేదు పంతులమ్మా. చానా సంతోసం. మీ జొన్నలు మీరే తినుకోండి" అంది.

లోపల ఆమె కూతురు పది రోజుల బాలింత. పొయ్యిలో నిప్పు లేదు. ఏం తింటున్నారో...

డేవిడ్‌ను నిలదీస్తే, "పేరు పిలిస్తే తప్పేముందమ్మా? దొంగతనమా, దాచుకోను?" అంటాడు. మూడు నెలలు మంచంలో ఉన్నావే, ఆ సంచులు అట్లా ఎందుకో వాడికి ఒక్కసారి చెప్పలేకపోయావా? వాడు అడగలేదంటావా? నేను మాత్రం అడిగానా, ఈ కాగితం ఎక్కడ చదువుతావని? నలభై ఏళ్ళు పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దినదాన్ని... కిష్టమ్మను బజారులో నిలబెట్టింది నా చక్కని అక్షరాలే కదా.

రేపు మళ్ళీ గురువారం. డేవిడ్ కొత్త పట్టీ అడిగాడు. ఇచ్చాను. ముప్పై మూడు పేర్లు, ఒక్క ఇల్లూ వదల్లేదు. మొదటి పేరు నాది, రెండోది వాడిది. కిష్టమ్మది మధ్యలో ఎక్కడో ఉంది. చదివితే అన్నీ చదవాలి, లేదంటే ఆ బల్ల ఎత్తేసి, సంచులకు మీ వదిన ముందు గది తలుపులు మళ్ళీ తెరవాలి అన్నాను. వాడి మొహం కందగడ్డ అయింది. కానీలే!

చదివితే నేనే ముందు లేస్తాను. మిల్లు మొత్తం చూస్తుండగా చెయ్యి చాచి తీసుకుంటాను. అప్పటికీ కిష్టమ్మ రాకపోతే, తలుపు తీసేదాకా రోజూ వాళ్ళింటికి వెళ్తాను. తిడితే పడతాను. పడాల్సిందే.

ఉంటాను.

పంతులమ్మ, ఆదోని